వెనక గది దూలం

పొద్దున్నే లేస్తే దేవకమ్మ మొదట ఊడ్చేది వాకిలి కాదు. తన మంచం తలవైపున, గోడ అంచున, దూలం కొసకు సరిగ్గా కింద రాలిన పొడిని. జొన్నపిండి రంగులో, వేళ్ళ మధ్య నలిపితే మెత్తగా ఉండే పొడి. చీపురుతో ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పెరట్లో జాడించి వస్తేగాని ఆమెకు తెల్లవారినట్టుండదు. మొదట్లో రోజుకు చిటికెడు రాలేది. రెండేళ్ళకు అరచేతికి సరిపోయేటంతయింది. ఆ సంగతి ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. ఆమె తెలియనివ్వలేదు.

ఆ ఇల్లు నగరిలో మరమగ్గాల వీధిలో ఉంది. దేవకమ్మ మామగారు కట్టించింది. కార్వేటినగరంలో పాత కట్టడం ఒకటి పడగొడితే, ఆ టేకు దూలాలను వేలంలో పాడి బండ్ల మీద తెచ్చుకున్నాడాయన. వాటి మీద ఇటుకలు నిలబెట్టి, సున్నం దంచి పోయించి మద్రాసు మిద్దె వేయించాడు. రాజుల కాలపు టేకు, మనవళ్ళ మనవళ్ళు కూడా ఈ దూలాల కిందనే పడుకుంటారని వచ్చినవాళ్ళకల్లా చెప్పేవాడు. ఆ మాట కొడుకులిద్దరికీ ఒంటబట్టింది. ఇంటికి ఏమైనా కావచ్చుగాని దూలాలకేమీ కాదు.

వెనక గది అన్నిటికన్నా చివర, దేవకమ్మ కొత్తకోడలిగా వచ్చిన ఏడు కట్టారు. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. దూలం ఎత్తే రోజు కొత్తకోడలి చేత నవధాన్యాలు, పసుపుకొమ్ము, ఒక రూపాయి బిళ్ళ పసుపుగుడ్డలో మూట కట్టిస్తారు. ఆ మూటను దూలం కొసకు చుట్టి, ఆ కొసను గోడలో దూర్చి సున్నంతో మూసేస్తారు. పదిహేడేళ్ళ దేవకమ్మ నిచ్చెనెక్కి మూట కట్టింది. కింద నిచ్చెన పట్టుకున్నది ఆమె మొగుడు మురుగేష్. "ముడి గట్టిగా ఏసినావా? మళ్ళీ ఊడి నా నెత్తిన పడేను" అని నవ్వాడు. ఆ నవ్వు తప్ప, ఆ రోజు సంగతులేవీ ఇప్పుడామెకు సరిగా గుర్తులేవు.

మురుగేష్ పోయి ఎనిమిదేళ్ళయింది. పదకొండో రోజున పెద్దమనుషుల ముందు బావ గంగాధరం ఒకే మాటన్నాడు. "నా తమ్ముడి పెండ్లాం యాడికీ పోబళ్ళా. ఆ వెనక గది ఆమెది." కాగితం ఎవరూ అడగలేదు. దేవకమ్మా అడగలేదు. మిగిలిన ఇల్లంతా బావది, ఆయన పెండ్లాం చంద్రకాంతమ్మది, వాళ్ళ కూతురు ధరణిది. మగ్గాలు బావవి. గది మాత్రం తనది. తలుపు వేసుకుంటే లోపల గడియ ఉంది. ఎనిమిదేళ్ళుగా ఆమె సొంతమని చెప్పుకోగలిగింది ఆ గడియ ఒక్కటే.

కరెంటు చార్జీలు పెంచిన ఏడాది ఎండలు కూడా కసిగా కాశాయి. పగలంతా కాగిన మిద్దె రాత్రంతా ఆ వేడిని కిందికి వదిలేది. ఫ్యాన్లు తిరిగితే బిల్లు, తిరక్కపోతే చెమట. గంగాధరం ఒకరోజు తిరుపతి నించి జయచంద్ర అనే సోలారు కంపెనీ మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. మిద్దె మీదంతా ఎండను తిప్పికొట్టే తెల్లబిళ్ళలు పరిచేది, దాని మీద రెండువందల లీటర్ల నీళ్ళ హీటరు పెట్టేది. ఎండ పైనే ఆగిపోతుంది, నీళ్ళూ అదే కాచి ఇస్తుంది. ఇంటికి పట్టిన రోగం రెండు మందులతో కుదిరిపోతుందన్నట్టు చెప్పాడు జయచంద్ర.

"హీటరు యాడ పెడతావప్పా?" అన్నాడు గంగాధరం.

"వెనక గది మీద సార్. బాత్రూమ్ పక్కనే ఉండాది, పైపు తక్కువ పడతాది. ఎండ కూడా ఆడ అడ్డం లేదు."

ధరణి అప్పుడు సెలవులకు వచ్చి ఉంది. తిరుపతిలో పాలిటెక్నిక్, సివిల్ చదువుతోంది. గడప మీద కూచుని కాకరకాయలు తరుగుతున్నదల్లా తలెత్తింది.

"నాయనా, ముందు దూలాలు చూడాల."

"చూస్తానే ఉండాం గదమ్మా, రోజూ. పండుకుంటే కనబడేది అవే."

"కనబడేది కాదు, కనబడనిది. గోడలో ఉండే కొసలు. టేకు బయట ఎంత బాగున్నా గోడలో తేమ తగిలితే కొస మెత్తబడతాది. బిళ్ళల బరువు, వాటి కింద సిమెంటు మాలు బరువు, నీళ్ళు నిండిన హీటరు బరువు. అంతా ఆ కొసల మీదనే గదా నిలబడాల. తొమ్మిది దూలాలుండాయి. తొమ్మిదింటికీ రెండు పక్కలా గోడ కొంచెం తవ్వి చూసినాకనే ఏదైనా."

"పద్దెనిమిది చోట్ల గోడలు తవ్వుకుంటారా ఎవురైనా!" అంది చంద్రకాంతమ్మ లోపలి నించి. "మొన్న ఉగాదికి సున్నం కొట్టించినాము."

మేస్త్రీ ఓబయ్యను పిలిచారు. అతను బల్లెక్కి సుత్తి పిడితో దూలాలను వరసగా నడిమధ్యన కొట్టుకుంటూ వచ్చాడు. ప్రతిదీ గట్టిగా మోగింది.

"ఇనబడిందా పాపా? ఇది కట్టె కాదు, ఇనుము. పుత్తూరులో కట్టు కట్టేటోళ్ళు ఎముక ఇరిగిందా లేదా అని ఒళ్ళు కోసి చూస్తారా? చేత్తో తడిమితే తెలుస్తాది. మాదీ అట్లే."

"వాళ్ళు నొప్పి యాడుండాదో మనిషిని అడుగుతారు మామా. నువ్వు కాలు ఇరిగితే ఈపు తడుముతాండావు."

ఓబయ్య పెద్దగా నవ్వాడు. "నా చేతులు కట్టిన ఇండ్లు నీ కాలేజీలో ఉండే పుస్తకాల కన్నా ఎక్కువ. సరే, అడుగు మరి. దూలాన్నే అడుగు."

ధరణి దూలాన్ని అడగలేదు. వెనక గది వైపు తిరిగింది. గుమ్మంలో నిలబడి ఉన్న దేవకమ్మను అడిగింది.

"చిన్నమ్మా, నువ్వు గదా దాని కింద పండుకునేది. పైనించి ఏమన్నా రాలతాదా? పొడి గాని, సున్నం గాని?"

దేవకమ్మ నోరు తెరిచింది. అప్పుడే గంగాధరం అన్నాడు, కోపంగా కాదు, మామూలుగా, లెక్కలో ఉన్న మాట చెప్పినట్టు. "ఆ గదిలో ఏదైనా తేడా ఉంటే ఇప్పుడే చెప్పండి. బాగు చేసే పని పెట్టుకోను. పడగొట్టి నాలుగు మగ్గాలకు షెడ్డు ఏసేస్తా. ఎట్లాగూ చోటు సాలడంలేదు."

తెరిచిన నోట్లో నించి వేరే మాట వచ్చింది.

"ఏమీ రాలదమ్మా. గట్టిగానే ఉండాది."

"బాగా గుర్తు తెచ్చుకో చిన్నమ్మా."

"రోజూ ఊడ్చేది నేనే గదా, నాకు తెలీదా?" అంది దేవకమ్మ. అంతటితో ఆగలేకపోయింది. "అయినా అది పూజ చేసి ఎత్తిన దూలం. మూట కట్టిన కొస. దాని మీద ఉలి పెట్టకూడదు."

"అద్గదీ!" అన్నాడు గంగాధరం. మరదలు తన పక్షాన మాట్లాడడం ఆయనకు అలవాటు లేదు. బాగా నచ్చింది. "పెద్దోళ్ళ పద్ధతి తెలిసిన మనిషి. పాపా, నీ మాటా కొట్టేయను. ఒకటి తవ్వి చూద్దాం. ఒకటి బాగుంటే అన్నీ బాగున్నట్టే. అన్నం ఉడికిందా లేదా అని గిన్నెడు పిసికి చూస్తామా?"

"అన్నం అంతా ఒకే కుండలో ఉడకతాది నాయనా. దూలాల కొసలన్నీ ఒకే గోడలో లేవు."

గంగాధరం ఓబయ్యకు సైగ చేశాడు. నడింట్లో మగ్గం పక్కన, తూర్పు గోడలో ఉన్న కొసను తవ్వారు. తూర్పు గోడకు వాన తగలదు, నీళ్ళు తగలవు. కొస రాతిలా ఉంది. ఓబయ్య దాని మీద గోరు గీసి చూపించాడు. "సూడు పాపా, గీత గూడా పడలా." అందరూ చూశారు. ధరణి ఒక్కతే, బాత్రూమ్‌ను ఆనుకున్న పడమటి గోడ వైపు చూస్తూ ఉండిపోయింది.

వారం రోజుల్లో మిద్దె తెల్లబడింది. మధ్యాహ్నం పూట కూడా వెనక గదిలో చల్లగా ఉంటోందని ధరణి తన మంచం, పుస్తకాలు అక్కడికే తెచ్చుకుంది. దేవకమ్మ మంచం కిటికీ పక్కకు పోయింది. దూలం కొస కింద ధరణి మంచం పడింది.

ఆ గదిలో ఎనిమిదేళ్ళ తర్వాత ఇంకో మనిషి ఊపిరి వినబడుతోంది. ధరణి రాత్రుళ్ళు తలకు నూనె పెట్టించుకునేది, హాస్టల్లో పప్పులో తేలే పురుగుల కథలు చెప్పి నవ్వించేది. "చిన్నమ్మా, నాకు ఉద్యోగం వస్తే నిన్ను తిరపతికి పిల్చుకపోతా, సూడు" అనేది. దేవకమ్మ ఆ మాటను నమ్మలేదు. అయినా ప్రతిరోజూ వినాలనిపించేది. పొద్దున ధరణి లేచేలోపల లేచి, ఆ పిల్ల దిండు మీది పొడిని అరచేత్తో తుడిచేది. బిళ్ళలు పరిచిన తర్వాత పొడి ఎక్కువైంది. దూలం గోడలోకి దూరే చోట సున్నంలో వెంట్రుకంత గీత కనబడింది. మూడు రోజులకు అది వేలు పట్టేటంతయింది.

హీటరు పైకెక్కించిన రోజు శుక్రవారం. నలుగురు మనుషులు తాళ్ళతో లాగి ఇనుప చట్రం మీద నిలబెట్టారు. నీళ్ళు ఇంకా పట్టలేదు. చంద్రకాంతమ్మ పళ్ళెంలో కర్పూరం, టెంకాయ పెట్టుకుని మెట్ల దగ్గర నిలబడింది. జయచంద్ర పైపు కొళాయి మీద చెయ్యి వేసి గంగాధరం సైగ కోసం చూస్తున్నాడు. ధరణి వెనక గదిలో మంచం మీద బోర్లా పడుకుని ఏదో చదువుకుంటోంది. "నీళ్ళు పట్టేటప్పుడు పిలవండి, వస్తా" అంది. ఎవరూ పిలవలేదు.

దేవకమ్మ పెరట్లో నించి వస్తూ కిటికీలో నించి చూసింది. ధరణి తెరిచిన పుస్తకం మీద సన్నగా పొడి రాలుతోంది. ధరణి కాగితం మీది నించి దాన్ని ఉఫ్ అని ఊది మళ్ళీ చదువుకుంటోంది.

దేవకమ్మ మెట్ల దగ్గరికి పరిగెత్తింది.

"నీళ్ళు పట్టబాకండి!"

చంద్రకాంతమ్మ కర్పూరం వెలిగించబోతున్నదల్లా ఆగింది. "ఏందిమే ఇది? శుభమా అని పూజ చేస్తాంటే ఎదురొచ్చి అరస్తావు? నువ్వు ఈ పూట ఎదురుపడకుండా పక్కకు పోయి ఉండాలని ఎన్నిసార్లు చెప్పాల?"

"అక్కా, నన్నేమన్నా అనుకో. బావా, దూలం పుచ్చిపోయింది. పొడి రాలతాది. రెండేండ్లుగా రాలతాది. నేనే ఊడ్చి పారేస్తాండా. పాప దాని కిందనే ఉండాది, ముందు పాపను బయటికి పిలవండి."

గంగాధరం వెనక గది వైపు తిరిగాడు. కూతురిని బయటికి పిలిచాడు. జయచంద్ర కొళాయి మీద నించి చెయ్యి తీసేశాడు.

సవక కొయ్యలు తెచ్చి దూలానికి ఊతం పెట్టాకే ఓబయ్య ఉలి తీశాడు. ఈసారి ఆయన నవ్వలేదు. నాలుగు దెబ్బలకు సున్నం పెళ్ళగా ఊడి వచ్చింది. లోపల మూట ఉంది, మూట ఆకారం ఉంది. గుడ్డ లేదు, గింజలు లేవు. గుడ్డ ఎట్లా మడత పడిందో అట్లాగే చెదమట్టి గట్టిపడి ఉంది. రూపాయి బిళ్ళ నల్లగా అందులోనే ఉంది. దూలం కొసను ఓబయ్య వేలితో నొక్కితే, నానిన బెల్లంలోకి దిగినట్టు వేలు దిగిపోయింది.

మొదట మాట్లాడింది చంద్రకాంతమ్మ.

"ఎవురి చెయ్యో కట్టిన మూట" అంది. "గింజలు పెట్టి చెదను పిలిచింది. ఆ చేత్తోనే నా మరిదిని కూడా..." అని ఆపింది. ఆపినా, ఆపిన మాట గదిలో అందరికీ వినబడింది.

"అమ్మా, నోరు ముయ్యి!" అంది ధరణి. గోడకు చెయ్యి ఆనించి చూసింది. చెయ్యి తడిగా వచ్చింది. మెట్లెక్కి మిద్దె మీదికి పోయి, తిరిగి దిగివచ్చింది. "నాయనా, చెద తర్వాత వచ్చింది. తేమ ముందు వచ్చింది. నాలుగేండ్ల కింద బాత్రూమ్ మీద సిమెంటు తొట్టి కట్టించినావే, అది నిండినప్పుడల్లా నీళ్ళు పిట్టగోడ ఎంబడి పడమటి గోడలోకి దిగతాండాయి. ఇదే గోడ ముందర దాకా పోతాది. ముందరి దూలాల పడమటి కొసలు కూడా ఈ గోడలోనే ఉండాయి. అవీ తవ్వి చూడాల. ఇప్పుడే, ఈ ఓబయ్య మామ ఉండంగానే."

గంగాధరం తొట్టి వైపు చూడలేదు. తొట్టి ఆయన నిలబడి కట్టించుకున్నది. పొర్లే నీళ్ళు బయటికి పోయే గొట్టం పెట్టిస్తానని మేస్త్రీ అంటే, అక్కర్లేదని చెప్పిందీ ఆయనే.

"ఎందుకు తవ్వాల?" అన్నాడు. "కారణం దొరికింది గదా. మూట ఉన్నది ఈ ఒక్క కొసకే. పుచ్చిందీ ఇదొక్కటే."

"మూటకూ దీనికీ సంబంధం లేదు నాయనా."

"చదివింది చాల్లే పాపా. ఒక దూలం తవ్వితే బాగుండాది. ఇంకో దూలం తవ్వితే పుచ్చిండాది. ఇంకా ఎన్ని తవ్వాల? ఇల్లా ఇది, నీ పరీక్ష కాగితమా?"

ఓబయ్య పనిముట్లు సంచిలో వేసుకుంటూ అన్నాడు, నేల చూస్తూ. "ధాన్యం ఉంటే చెద వస్తాది లే పాపా. మేము చూడలేదా?"

ధరణి వాదించడం మానేసింది. ఆ పొద్దు సాయంత్రం పుస్తకాలు సర్దుకుంటుంటే దేవకమ్మ గుమ్మంలో నిలబడింది. పిల్లను కాపాడినాననే ధైర్యం ఎక్కడో కొంచెం ఉంది ఆమెకు.

"పాపా, తలకు నూనె పెట్టేదా?"

"నేను అడిగినా గదా చిన్నమ్మా" అంది ధరణి తలెత్తకుండానే. "ఈ ఇంట్లో నేను నమ్మి అడిగింది నిన్ను ఒక్కదాన్నే. నువ్వు రోజూ ఊడ్చి, తుడిచి, నాకు లేదని చెప్పినావు."

"గది పడగొడతానన్నాడమ్మా బావ."

"తెలుసు. ఇప్పుడు పడగొట్టడా?"

ధరణి పోయే ముందు ఒక కాగితం మీద గోడ బొమ్మ గీసి, ఏ ఏ కొసలు తవ్వాలో గుర్తు పెట్టి, తొట్టికి గొట్టం ఎక్కడ పెట్టాలో రాసి, తల్లి చేతికిచ్చింది. చంద్రకాంతమ్మ దాన్ని వంటింట్లో నూనె డబ్బా కింద పరిచింది. పది రోజుల్లో నూనె మరకలో గీతలు కలిసిపోయాయి.

వెనక గది రెండు రోజుల్లో నేలమట్టమయింది. గడియ ఉన్న తలుపును గంగాధరం షెడ్డులో నూలు ఉండలు పెట్టుకునే గదికి బిగించాడు. పెద్దమనుషుల్లో ఒకాయన దారిలో కనబడి అడిగితే, "గది ఆమెదన్నా, కాదనలా. గదే లేకపోతే నేనేం చేసేది?" అన్నాడు. ఆ మాట వీధి తిరిగి దేవకమ్మ దాకా వచ్చింది. ఆమె మంచం ముందరి నడవలో, పడమటి గోడ పక్కన పడింది. అటూ ఇటూ పోయేవాళ్ళ కాళ్ళు తగిలేవి. చీర మార్చుకోవాలంటే స్నానాలగదికి పోవాలి. హీటరును నడవ పక్కన, నడింటి మీదికి మార్చారు. నీళ్ళు బాగా కాగుతున్నాయని చంద్రకాంతమ్మ వచ్చినవాళ్ళకల్లా చెయ్యి పెట్టించి చూపిస్తోంది. సిమెంటు తొట్టి ఎప్పటిలాగే నిండి కారుతోంది.

మూడు నెలలు గడిచాయి. ఒక పొద్దున నడిల్లు ఊడుస్తూ దేవకమ్మ చీపురు ఆపింది. పడమటి గోడ కింద, జొన్నపిండి రంగులో, చిటికెడు. వంగి వేళ్ళ మధ్య నలిపింది. మెత్తగా ఉంది.

పోయి గంగాధరాన్ని పిలుచుకొచ్చింది. ఆయన నిలబడే చూశాడు.

"సున్నం రాలుంటాది."

"సున్నం తెల్లగా ఉంటాది బావా. ఇది ఆ గదిలో రాలినట్టే ఉండాది."

"ఉన్నప్పుడు లేదన్నావు, ఇప్పుడు లేనిది ఉందంటాండావు. నీకు గది పోయిందని కడుపుమంట. దూలాల సంగతి నువ్వింక మాట్లాడబాక." ఆయన మగ్గాల వైపు వెళ్ళిపోయాడు.

దేవకమ్మ ఆ పొడిని ఊడ్వలేదు. దాని చుట్టూ ఊడ్చి, దాన్ని వదిలేసింది. మరునాడూ అంతే. వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు దాని పక్కనే నడిచారు. ఒకరూ వంగి చూడలేదు. నాలుగో రోజుకు అది చిన్న కుప్పయింది.

ఐదో రోజు చంద్రకాంతమ్మ కాలికి తగిలింది.

"ఏమ్మే దేవకీ! నడింట్లో ఇంత దుమ్ము పెట్టుకుని ఎట్లా తిరగతాండావు? ముప్పొద్దులా తింటావే, ఊడ్చేదానికి కూడా ఒళ్ళు వంగదా?"

"అది దుమ్ము కాదక్కా. నీ కళ్ళబడాలనే ఉంచినా. బావకు నువ్వన్నా చెప్పు."

"నువ్వు చూపించింది చాల్లే. ఒక గదిని మింగినావు, ఇంకా చాలలేదా?"

చంద్రకాంతమ్మే చీపురు లాక్కుని ఊడ్చేసింది. ఆ తర్వాత తడిగుడ్డ తెచ్చి, మరక కూడా మిగలకుండా తుడిచింది. గుడ్డను పెరట్లోకి తీసుకుపోయి జాడించింది. పైన తొట్టి నిండి, నీళ్ళు పిట్టగోడ మీదికి దిగుతున్న చప్పుడు వినబడుతోంది.

దేవకమ్మ ఆ తడి నేల దాటి నడవలోకి పోయింది. తన మంచాన్ని రెండు చేతులా పట్టుకుని, గోడ దగ్గరి నించి ఈడ్చుకుంటూ వీధి అరుగు మీదికి తెచ్చి వేసుకుంది.